ఖాళీ గడిలో సున్నా వేయకండి

పుంగనూరు దగ్గర ఓ స్కూలు. నలభై మంది పిల్లలు. అంకెలు చదివి వినిపిస్తే తిరిగి చెప్పే జ్ఞాపకశక్తి పరీక్ష ఒకటి పెట్టి, ఆ మార్కులన్నీ ఎక్సెల్‌లో ఎక్కించి మా అక్క నా ముందు పెట్టింది. ఎమ్మే సైకాలజీ ప్రాజెక్టు ఆమెది. ‘‘ఎవరికి అదనంగా సాయం కావాలో కాస్త చూసిపెట్టరా’’ అంది. మనం బీటెక్‌ కదా! ‘‘ఏముందిలే అక్కా, అరగంట పని’’ అన్నాను. నిజానికి అరగంట కూడా పట్టలేదు. పదిహేను నిమిషాల్లో సగటు, ర్యాంకులు, రంగురంగుల గ్రాఫు, చివర్లో ‘వెనకబడినవాళ్లు’ అంటూ ఆరు రోల్‌ నంబర్ల జాబితా తయారు.

అందులో మొదటి నంబరు చూసి క్లాస్‌ టీచరమ్మ నవ్వింది. ‘‘వీడా? ఊళ్లో సగం మంది ఫోన్‌ నంబర్లు వీడికి నోటికొచ్చు’’ అంది. అనుమానమొచ్చి అక్క దగ్గరున్న కాగితాలు తిరగేస్తే సంగతి బయటపడింది. పరీక్ష పెట్టిన రోజు ఆ పిల్లాడు బడికే రాలేదు. సుగుటూరు గంగమ్మ జాతర కదా, ఇంటికి చుట్టాలొచ్చారు. అక్క ఆ గడి ఖాళీగా వదిలింది. ఖాళీలుంటే ఫార్ములాలు ఎర్రర్‌ ఇస్తాయేమోనని సున్నాలు నింపింది నేనే. ఆరుగురిలో నలుగురు అలా జాతరకెళ్లినవాళ్లే! ఆ జాబితా హెడ్మాస్టరు బల్ల మీదికి చేరి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి. మూడో తరగతిలో ‘మందం’ అని పేరు పడితే పదో తరగతిలోనూ వదలదు.

ఆ రోజు నుంచి ఇలాంటి డేటా కోసం ఎక్సెల్‌ ఫార్ములాలు పక్కనబెట్టి ‘జమోవి’ అనే సాఫ్ట్‌వేర్‌ మొదలుపెట్టాను. మీరు సైకాలజీ, బీఈడీ, నర్సింగ్‌, సోషల్‌ వర్క్‌ చదువుతున్నా, నాలాగా బీటెక్‌ చేసి డేటా వైపు చూస్తున్నా ఇది మీకు పనికొస్తుంది. దాన్ని ఎక్కడ్నుంచి మొదలుపెట్టాలో, ఎక్కడ కాలు జారుతుందో చెప్తాను.

జమోవినే ఎందుకు?

ఈ రంగంలో పాత పెద్దమనిషి ఎస్‌పీఎస్‌ఎస్‌. 1968 నాటిది. 2009లో ఐబీఎం కొనేసింది. మన యూనివర్సిటీల్లో ఇప్పటికీ చాలామంది గైడ్లు దీన్నే అడుగుతారు. లైసెన్సు ఖరీదు మాత్రం విద్యార్థి జేబుకి అందేది కాదు. అందుకని పెన్‌డ్రైవుల్లో దొంగ కాపీలు తిరుగుతుంటాయి. వాటితోపాటు వైరస్‌లూ తిరుగుతుంటాయి. ఆ గొడవ మనకొద్దు.

రెండోది ‘ఆర్‌’. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌ యూనివర్సిటీలో రాస్‌ ఇహాకా, రాబర్ట్‌ జెంటిల్‌మన్‌ అనే ఇద్దరు అధ్యాపకులు మొదలుపెట్టిన భాష ఇది. 2000 ఫిబ్రవరి 29న దాని 1.0.0 వెర్షన్‌ వచ్చింది. పూర్తిగా ఉచితం. చేయలేని పని దాదాపు లేదు. కాకపోతే కోడ్‌ రాయాలి. కోడింగ్‌ అలవాటు లేనివాళ్లకు మొదటి రోజే ఎర్ర అక్షరాల ఎర్రర్లు కనబడితే రెండో రోజు లాప్‌టాప్‌ తెరవాలనిపించదు.

ఈ రెంటికీ మధ్యలో ఉంది జమోవి. 2017లో మొదలైంది. లోపల నడిచే ఇంజిన్‌ ఆర్‌ భాషదే. పైన కనిపించేది మాత్రం ఎక్సెల్‌ లాంటి గడులు, మౌస్‌తో నొక్కే మెనూలు. ఉచితం, ఓపెన్‌ సోర్స్‌. విండోస్‌, మ్యాక్‌, లినక్స్‌ మూడింట్లోనూ నడుస్తుంది. మామూలు కాలేజీ లాప్‌టాప్‌ చాలు. దీనికి అన్నలాంటిది ఇంకోటుంది, ఆమ్‌స్టర్‌డామ్‌ యూనివర్సిటీ వాళ్ల ‘జాస్ప్‌’. అదీ మంచిదే. ఒకటి వచ్చాక రెండోది ఒక సాయంత్రంలో వచ్చేస్తుంది కాబట్టి ఏది ముందనేది పెద్ద తలనొప్పి కాదు.

డౌన్‌లోడ్‌ పేజీలో ‘సాలిడ్‌’, ‘కరెంట్‌’ అని రెండు రకాలు కనిపిస్తే సాలిడ్‌ తీసుకోండి. కొత్త హంగులు కాస్త తక్కువైనా నిలకడగా ఉంటుంది.

ముందు డేటా, తర్వాతే బటన్లు

నేర్చుకోవడానికి ఇంటర్నెట్‌లో ఎవరిదో డేటా వెతకొద్దు. మీరే ఒక చిన్నది తయారుచేసుకోండి. హాస్టల్లోనో వీధిలోనో ఓ పన్నెండు మందిని పట్టుకోండి. 1 నుంచి 9 వరకు అంకెల్ని కలగాపులగంగా రాసుకుని, సెకనుకొకటి చొప్పున చదివి వినిపించండి. విన్న వరసలోనే తిరిగి చెప్పాలి. మూడంకెలతో మొదలుపెట్టి ఒక్కోటి పెంచుతూ వెళ్లండి. ప్రతి పొడవుకీ రెండు అవకాశాలు. రెండూ తప్పితే ఆపేయండి. ఎన్ని అంకెల దాకా సరిగ్గా చెప్పారో అదే స్కోరు. తర్వాత అదే పని వెనకనుంచి ముందుకు చెప్పించండి. ఇది కష్టం. విన్నదాన్ని మనసులో తిప్పి పెట్టుకోవాలి కదా! దీన్నే వర్కింగ్‌ మెమరీ అంటారు. ఇంకో సంగతి, ఆస్పత్రుల్లో వాడే అసలు పరీక్షలకు కాపీరైటు ఉంటుంది. వాటి ప్రశ్నల్ని ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టకండి. సాధనకి మనం రాసుకున్న అంకెలు చాలు.

ఇప్పుడు జమోవి తెరిచి ఒక మనిషికి ఒక అడ్డ వరస, ఒక విషయానికి ఒక నిలువు వరస చొప్పున ఎక్కించండి. గుర్తింపు సంఖ్య, వయసు, చదువు, ముందు వరస స్కోరు, వెనక వరస స్కోరు. పేర్లు రాయొద్దు. పేరుకీ సంఖ్యకీ లంకె ఉన్న కాగితం విడిగా బీరువాలో పెట్టుకోండి. పిల్లలైతే వయసును నెలల్లో రాయండి. ఎనిమిదేళ్ల పిల్లకీ ఎనిమిదేళ్ల పదకొండు నెలల పిల్లకీ ఈ పరీక్షల్లో చాలా తేడా ఉంటుంది. ఇద్దర్నీ ‘8’ అని రాసేస్తే ఆ తేడా మాయమైపోతుంది.

నిలువు వరస తల మీద రెండుసార్లు నొక్కితే దాని వివరాలు తెరుచుకుంటాయి. అది ఏ రకం కొలతో అక్కడ చెప్పాలి. గుర్తింపు సంఖ్యకి ‘ఐడీ’, ఊరు, భాషలాంటి వాటికి ‘నామినల్‌’, తరగతిలాంటి మెట్లకు ‘ఆర్డినల్‌’, స్కోరుకీ వయసుకీ ‘కంటిన్యువస్‌’. కొత్తవాళ్లు ఇది దాటేసి నేరుగా లెక్కల్లోకి దూకుతారు. అప్పుడు రోల్‌ నంబర్లకి కూడా సగటు తీసి చూపిస్తుంది మరి! సాఫ్ట్‌వేర్‌కి సిగ్గుండదు.

అక్కడే ‘మిస్సింగ్‌ వాల్యూస్‌’ అని ఒక పెట్టె ఉంటుంది. నా పుంగనూరు పాఠం మొత్తం ఆ పెట్టెలోనే ఉంది. రాని పిల్లాడి గడి ఖాళీగా వదిలేస్తే జమోవి తనంతట తానే లెక్కలోంచి తీసేస్తుంది. కొందరు గైడ్లు 99 వేయమంటారు. వేయండి, కానీ ఈ పెట్టెలో ‘99 అంటే లేనట్టు’ అని చెప్పాలి. చెప్పకపోతే ఏమవుతుందో చూడండి. నలభై మందిలో 36 మంది సగటు 5 అనుకుందాం. మిగతా నలుగురికీ 99 పడితే మొత్తం సగటు 14.4 అవుతుంది. తొమ్మిది అంకెల పరీక్షలో పద్నాలుగేంటి అని ఎవరైనా ఆగిపోతారు. అదే నలుగురికీ సున్నా వేస్తే సగటు 4.5. చూడ్డానికి ఎంత బుద్ధిగా ఉందో! ఎవరికీ అనుమానం రాదు. 99 అరిచి చెప్పే తప్పు, సున్నా నోరు మెదపని తప్పు. అందుకే రెండోదే ప్రమాదం. పరీక్ష రాసి నిజంగానే ఏమీ చెప్పలేకపోయినవాడికి సున్నా వేయాలి. రానివాడికి ఖాళీ. మొరాయించినవాడు, చెవి సరిగ్గా వినపడనివాడు, మధ్యలో లేచిపోయినవాడు... వీళ్లకి వేర్వేరు కోడ్‌లు పెట్టుకుని ఒక కాగితం మీద రాసుకోండి. ఆరు నెలల తర్వాత మీకే గుర్తుండదు.

ఇది మన ప్రాంతానికి కొత్త సమస్యేం కాదు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియం వాళ్లు 1950ల్లో చుట్టుపక్కల ఊళ్లలో బీసీజీ టీకా వేయించుకున్నవాళ్లనీ, వేయించుకోనివాళ్లనీ ఏళ్ల తరబడి గమనించారు. ఆ ఫలితాలు 1964లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చాయి. ప్రపంచంలో బీసీజీ గురించి రాసేవాళ్లు ఈనాటికీ మదనపల్లె పేరు తలుస్తారు. అలాంటి పనిలోనూ ఇదే చిక్కు. ఊరొదిలి బెంగళూరుకి వలసపోయిన మనిషి ఎదురుగా ‘జబ్బు రాలేదు’ అని రాస్తే అబద్ధమే అవుతుంది.

మొదట నొక్కాల్సింది ఒక్కటే బటన్‌

పైన ‘ఎక్స్‌ప్లొరేషన్‌’లో ‘డిస్క్రిప్టివ్స్‌’. స్కోర్లను ఎడమ పెట్టెలోంచి కుడి పెట్టెలోకి లాగండి. మీరు ఇలా లాగుతుండగానే అలా పక్కన పట్టిక వచ్చేస్తుంది. ఎందరున్నారు, ఎందరివి లేవు, సగటు, మీడియన్‌, స్టాండర్డ్‌ డీవియేషన్‌, అతి తక్కువ, అతి ఎక్కువ. మొదట చూడాల్సింది సగటు కాదు. చివరి రెండూ చూడండి. తొమ్మిదికి మించినవీ, మైనస్‌లూ ఉంటే టైపింగ్‌ తప్పు. తర్వాత ‘ప్లాట్స్‌’లో హిస్టోగ్రామ్‌, బాక్స్‌ ప్లాట్‌ టిక్కు పెట్టండి. మదనపల్లె టమాటా మార్కెట్లో వేలానికి ముందు కాయలు ఏరి సైజుల వారీగా వేరుచేస్తారు చూడండి, డేటాకి అలాంటి ఏరివేత ఇది. మిగతా గుంపుకి దూరంగా ఒంటరిగా కనబడే చుక్క దగ్గర ఆగి అసలు కాగితం తీసి చూడండి. తప్పయితే దిద్దండి. నిజమైన స్కోరే అయితే ఉంచండి. గ్రాఫు అందంగా లేదని తీసేయడం మాత్రం మోసం.

సమయాన్ని కొలిచే పరీక్షలతో ఇంకో తిరకాసు ఉంది. చెల్లాచెదురుగా ఉన్న అంకెల్ని వరసగా గీతతో కలపమనే ‘ట్రెయిల్‌ మేకింగ్‌’ లాంటి వాటిల్లో స్కోరు సెకన్లలో ఉంటుంది. తక్కువ సెకన్లంటే చురుకు. దాన్ని అలాగే జ్ఞాపకశక్తి స్కోరుతో కూడితే చురుకైనవాళ్లు కిందికి, నిదానమైనవాళ్లు పైకి వెళ్లిపోతారు. ‘కంప్యూటెడ్‌ వేరియబుల్‌’ అని కొత్త వరస తెరిచి ‘జెడ్‌’ ఫార్ములాతో రెండింటినీ ఒకే కొలబద్ద మీదికి తెచ్చి, సెకన్ల దానికి ముందు మైనస్‌ పెట్టాలి. అసలు వరసని చెడపకుండా పక్కన కొత్తది చేసుకోవడమే పద్ధతి.

తర్వాత ‘రిగ్రెషన్‌’లో ‘కోరిలేషన్‌ మ్యాట్రిక్స్‌’ తెరిచి వయసుకీ స్కోరుకీ సంబంధం చూడండి. పిల్లల్లో వయసు పెరిగేకొద్దీ స్కోరు పెరగాలి. పెరగకపోతే కొత్త సిద్ధాంతం కనిపెట్టామని గంతులేయకుండా వరసలు తారుమారయ్యాయేమో వెతకండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు అదే.

రెండు గుంపుల్ని పోల్చాలంటే ‘టి-టెస్ట్స్‌’ ఉంది. అందులో ‘వెల్చ్‌’, ‘ఎఫెక్ట్‌ సైజ్‌’ రెండింటికీ టిక్కు పెట్టుకోండి. పి-విలువ 0.05 కన్నా తక్కువ వచ్చిందా లేదా అని మాత్రమే చూసి థీసిస్‌ రాసేవాళ్లు ఎక్కువ. తేడా ఎంత పెద్దదో చెప్పేది ఎఫెక్ట్‌ సైజ్‌. మీ పన్నెండు మందితో ఏ తేడా తేలకపోయినా దిగులు పడొద్దు, పన్నెండు మందితో తేలదు కూడా.

కుప్పంలో ఎదురైన ప్రశ్న

ఇదంతా నేర్చుకుని కాస్త గర్వంగా ఉన్న రోజుల్లో కుప్పం వెళ్లాను. అక్కడ ట్యూషన్‌ చెప్పే నా ఫ్రెండ్‌ దగ్గర పిల్లలకి ఈ అంకెల ఆట ఆడించాం. కుప్పం సంగతి మీకు తెలుసు కదా! ఇటు తమిళనాడు, అటు కర్ణాటక. ద్రవిడ విశ్వవిద్యాలయం 1997లో అక్కడ పెట్టింది ఊరికే కాదు. ఒక పాప ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, బళ్లో ఇంగ్లిష్‌. తెలుగు అంకెలతో నాలుగు దగ్గర ఆగిపోయింది. ‘‘అన్నా, ఇంగ్లిష్‌లో చెప్పేదా?’’ అంది. ఇంగ్లిష్‌లో ఆరు దాకా గడగడా చెప్పేసింది. మరి ఆ పాప స్కోరు నాలుగా, ఆరా?

ఒక్కసారి పైకి చదివి చూడండి. ఒకటి, రెండు, మూడు... తొమ్మిది. అక్షరాల మోతలు లెక్కపెడితే మొత్తం 23. అదే ఇంగ్లిష్‌లో వన్‌ నుంచి నైన్‌ దాకా పది మాత్రమే, సెవెన్‌ ఒక్కటే రెండు మోతలది. ‘ఎనిమిది’ పలికేలోగా ‘ఎయిట్‌, నైన్‌’ రెండూ అయిపోతాయి. మనసులో అంకెల్ని తిప్పుకుంటూ గుర్తుపెట్టుకుంటాం కాబట్టి పలకడానికి ఎక్కువసేపు పట్టే భాషలో తక్కువ అంకెలు నిలుస్తాయి. 1980లో వెల్ష్‌ భాష మాట్లాడేవాళ్ల మీద జరిగిన పరిశోధనలో ఇదే కనిపించింది. వెల్ష్‌ పిల్లల తెలివిలో తేడా లేదు, వాళ్ల అంకెల పేర్లు పలకడానికి ఎక్కువసేపు పడుతుందంతే. పైగా మన దగ్గర ఇంకో విచిత్రం. బడి మొహం చూడని అవ్వ కూడా ఫోన్‌ నంబరు ‘నైన్‌ ఎయిట్‌ ఫోర్‌’ అనే చెప్తుంది!

కాబట్టి మీ పట్టికలో ఇంకో రెండు నిలువు వరసలు కలపండి. ఇంటి భాష, పరీక్ష పెట్టిన భాష. డిస్క్రిప్టివ్స్‌లో ‘స్ప్లిట్‌ బై’ అనే పెట్టెలోకి పరీక్ష భాషని లాగితే భాషవారీగా పట్టిక విడిపోతుంది. ఈ వరసలు లేకుండా కుప్పం పిల్లల్నీ మదనపల్లె పిల్లల్నీ టి-టెస్ట్‌లో పోల్చితే మీరు కొలిచింది జ్ఞాపకశక్తినో సరిహద్దునో తెలియదు.

పెద్ద పరిశోధనల్లోనూ ఈ జాగ్రత్త ఉంది. ఆక్స్‌ఫర్డ్‌ యూనివర్సిటీ నడిపే ‘యంగ్‌ లైవ్స్‌’ 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు మూడు వేల మంది పిల్లల్ని వెంబడించి చూస్తోంది. మన పక్కనున్న అనంతపురం, కడప జిల్లాలు కూడా అందులో ఉన్నాయి. బొమ్మలు చూపించి మాటల్ని గుర్తించమనే పదసంపద పరీక్షని తెలుగులోకి మార్చి పెట్టారు. వేర్వేరు భాషల్లో పరీక్ష రాసినవాళ్ల స్కోర్లని నేరుగా పోల్చవద్దని వాళ్లే హెచ్చరిస్తారు. ఈ డేటా పేరు నమోదు చేసుకుంటే ఉచితంగా దొరుకుతుంది. జమోవి చేతికొచ్చాక సాధనకి ఇంతకన్నా మంచిది నాకు తెలీదు. మన పిల్లలదే కదా!

భాష వరస ఎంత విలువైనదో చెప్పే ఉదాహరణ హైదరాబాద్‌లో ఉంది. నిమ్స్‌లో డాక్టర్‌ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల రికార్డుల్ని పరిశీలించింది. వాళ్లలో 391 మంది ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లు. ఒకే భాష వచ్చినవాళ్లతో పోలిస్తే వీళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. చదువురాని వాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో వచ్చిన ఈ ఫలితాన్ని ప్రపంచమంతా చర్చించింది. రికార్డుల్లో ‘ఏయే భాషలు వచ్చు’ అనే వివరం రాసిపెట్టారు కాబట్టే ఆ ప్రశ్న అడగడం సాధ్యమైంది. దీన్ని బట్టి రెండో భాష నేర్పితే డిమెన్షియా ఆగిపోతుందని రాసేయకండి. రికార్డుల్లో సంబంధం కనిపించడం వేరు, కారణమని తేల్చడం వేరు.

తర్వాత మెట్టు

జమోవి కుడివైపు పైన మూడు చుక్కలుంటాయి. అక్కడ ‘సింటాక్స్‌ మోడ్‌’ ఆన్‌ చేస్తే, మీరు మౌస్‌తో చేసిన ప్రతి విశ్లేషణకీ ఆర్‌ కోడ్‌ కనిపిస్తుంది. నేను ఆర్‌ నేర్చుకున్నది ఇలాగే, వెనకదారిలో. ఆర్‌లోకి వెళ్లాక నార్త్‌వెస్టర్న్‌ యూనివర్సిటీ ప్రొఫెసర్‌ విలియం రెవెల్‌ తయారుచేసిన ‘సైక్‌’ అనే ప్యాకేజీ వేసుకోండి. దానికి తోడుగా వచ్చే డేటాల్లో ‘ఎబిలిటీ’ అని ఒకటుంది. 1,525 మంది, 16 ప్రశ్నలు. ఏ ప్రశ్న సులువు, ఏది కష్టం, అన్నీ కలిసి ఒకే సామర్థ్యాన్ని కొలుస్తున్నాయా అన్నది దానిమీద నేర్చుకోవచ్చు.

ఉద్యోగాల సంగతి అడుగుతారని తెలుసు. ఇది ఒక్కటీ వస్తే లక్షల ప్యాకేజీ అని చెప్పను, అలా చెప్పేవాళ్లని నమ్మకండి. కానీ దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా. ఆ అంచనా వచ్చింది ఊరూరా తిరిగి పెట్టిన ఇలాంటి పరీక్షల్లోంచే. బెంగళూరు నిమ్‌హాన్స్‌లాంటి చోట్ల, పెద్ద సర్వేల్లో ప్రాజెక్టు అసిస్టెంట్లని తీసుకునేటప్పుడు డేటాని శుభ్రంగా పెట్టగలవాళ్లకి విలువుంటుంది. తెలుగుతోపాటు తమిళమో కన్నడమో ఉర్దూనో వస్తే, పేషెంటుతో వాళ్ల భాషలోనే మాట్లాడగలరు కాబట్టి ఇంకా మంచిది. ఒక్క హద్దు మాత్రం గుర్తుంచుకోండి. స్కోరు చూసి ‘ఈ పిల్లకి ఫలానా సమస్య’ అనడం శిక్షణ పొందిన క్లినికల్‌ సైకాలజిస్టు పని, మనది కాదు.

అక్క ప్రాజెక్టు సంగతా? జాతర అయ్యాక మళ్లీ వెళ్లి ఆ నలుగురికీ పరీక్ష పెట్టింది. ఫోన్‌ నంబర్ల పిల్లాడు ఏడంకెలు చెప్పి, ‘‘ఇంకా పొడుగ్గా అడుగక్కా’’ అన్నాడట. జాబితాలో ఇద్దరే మిగిలారు. వాళ్లలో ఒకమ్మాయికి బోర్డు సరిగ్గా కనపడటం లేదని తర్వాత తెలిసింది. ఇప్పుడు కళ్లద్దాలు పెట్టుకుంటోంది.